అత్తయ్యకు పడక పుండు పడింది, ఆడపడుచు ఫోటో తీసి గ్రూపులో పెట్టింది

కొబ్బరితోట_కోడలు
మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి రెండేళ్ళ రెండు నెలలు. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది, అదీ నాకే అర్థమవుతుంది. మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. తెల్లారకుండా మూడింటికే లేచి అంబాజీపేట మార్కెట్‌కు వెళ్తే మళ్ళీ భోజనానికే రావడం. పిల్లాడు పదో తరగతి. అంటే పొద్దున ఆవిడ పళ్ళు తోమడం దగ్గర్నుంచి రాత్రి డైపర్ మార్చడం దాకా నేనే. దాని గురించి ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పేదీ అది కాదు.

కనుమ నాడు మా ఆడపడుచు వాళ్ళు భీమవరం నుంచి జగ్గన్నతోట తీర్థానికి వచ్చారు. అందరూ ప్రభల ఊరేగింపు చూడ్డానికి వెళ్ళారు. నేను అత్తయ్య దగ్గర ఉండిపోయాను. డప్పుల మోత మా పెరట్లోకి వినపడుతుంది లెండి, దాంతోనే నాకు తీర్థం అయిపోయింది. సాయంత్రం వచ్చాక, అమ్మకు చీర మారుస్తానని ఆవిడ తలుపేసుకుంది. ఐదు నిమిషాల్లో నా ఫోన్ టింగుమంది. ఫ్యామిలీ గ్రూపులో అత్తయ్య నడుం కింద పుండు ఫోటో. దాని కింద ‘అమ్మను ఎలా చూస్తున్నారో చూడండి’ అని. అప్పుడు నేను వంటింట్లో వాళ్ళకే గారెలు వేస్తున్నాను. మూకుట్లో గారె మాడిపోయింది. పద్నాలుగు ఏడుపు బొమ్మలు పడ్డాయి. ఒక్కరు ఫోన్ చేసి ఏమైందని అడగలేదు.

ఆ పుండు పది రోజుల కిందట రూపాయి బిళ్ళంత ఎర్రగా కనిపించింది. పౌడర్ వేశాను, పసుపు రాశాను. ఇప్పుడు పై తోలు లేచిపోయింది. ఇది నా తప్పేనా? మానడానికి ఏం చేయాలి? మొదటిదానికి జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు.

సీరియల్_అత్త
కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మీ ఆడపడుచు భీమవరం నుంచి కదిలిందంటే ఫోటో తీయడానికే వచ్చినట్టుంది.

రిటైర్డ్_సిస్టర్
రెండోదే ముందు చెప్తాను. 31 ఏళ్ళు వార్డులో చేశాను.

పౌడర్, పసుపు ఈ రోజే ఆపేయండమ్మా. పౌడర్ చెమటకు ఉండకట్టి ఇంకా ఒరుసుకుంటుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ దగ్గరికి రానీయొద్దు. మందుల షాపులో నార్మల్ సెలైన్ సీసా అడిగి దానితో కడిగి, డాక్టరుకు ఒకసారి చూపించి, ఆయన చెప్పిన డ్రెస్సింగ్ వేయండి. ఎర్రబడిన చోట నూనె పెట్టి మర్దన చేయకూడదు. మంచిదనుకుని చాలామంది చేస్తారు, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో బెజ్జం ఉండే గాలి రింగు కూడా వద్దు.

అసలు మందు బరువు తీసేయడం. పగలు రెండు గంటలకొకసారి తిప్పాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే తుంటి ఎముక మీద ఇంకో పుండు లేస్తుంది. వీపు వెనక దిండు పెట్టి కాస్త వాలుగా ఉంచండి చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. అన్నం పెట్టేటప్పుడు తలవైపు ఎత్తాలి, ఆ తర్వాత అరగంటో ముప్పావు గంటో అలాగే ఉంచాలి. కానీ గంటల తరబడి అలా వదిలేస్తే మనిషి కిందికి జారి నడుం దగ్గర తోలు చిరుగుతుంది.

గుడ్డు, పప్పు, పాలు పెంచండి. షుగరో కిడ్నీ జబ్బో ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్ని అడగండి. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా మర్నాటి దాకా ఆగొద్దు.

ఇంకోటి. రోజూ ఒళ్ళు తుడిచేటప్పుడు ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడి మళ్ళీ రంగు వస్తే ఇంకా ఫర్వాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే అది పుండు కిందే లెక్క.

కొబ్బరితోట_కోడలు
నూనె మర్దన కూడా చేశానండి. రోజూ. శ్రద్ధగా.

రిటైర్డ్_సిస్టర్
తెలీక చేశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాతోనూ స్పిరిట్ పెట్టి రుద్దించేవారు.

భీమవరం_బుల్లోడు
అందరూ తిడతారేమో గానీ, పుండు పడిందంటే ఎక్కడో చూసుకోవడం తగ్గినట్టే కదా. కూతురికి కడుపు మండదా? ఫోటో పెట్టడం తప్పే, కానీ ఆవిడ బాధ కూడా చూడాలి.

అమ్మకోడలు
బుల్లోడు గారూ, మీరు ఎవరినైనా రాత్రి రెండింటికి లేచి తిప్పారా? రెండు రోజులు కాదు, రెండేళ్ళు.

నా పేరు చూసి ఆడమనిషి అనుకోకండి. మా అమ్మను నేనే చూసుకుంటాను, పెళ్ళి కాలేదు. మా ఊరి అరుగు మీద నాకు పెట్టిన పేరు ఇది, నేనూ ఉంచేసుకున్నాను. మొదటిసారి అమ్మకు స్నానం చేయించినప్పుడు ఇద్దరం ఏడ్చాం. ఆవిడ సిగ్గుతో, నేను ఎందుకో తెలీక. ఇప్పుడు పైన దుప్పటి కప్పి కిందనుంచి తుడుస్తాను. ఆవిడ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం అందుకుంటుంది. అది అయ్యేలోపు నా పని అయిపోవాలి, అదీ మా ఒప్పందం.

మా అమ్మకూ ఒకసారి పుండు పడింది. నాకు డెంగీ వచ్చి నాలుగు రోజులు మంచం ఎక్కినప్పుడు. ఆ నాలుగు రోజులే చాలింది.

భీమవరం_బుల్లోడు
తిప్పలేదండి. ఒప్పుకుంటున్నాను.

ఫిజియో_తణుకు
మంచం ఏమిటో ఎవరూ అడగలేదు. నులకా, నవారా, చెక్కా?

కొబ్బరితోట_కోడలు
నులక మంచం. మామయ్య గారిది. దాని మీదైతేనే నిద్ర పడుతుందంటారు అత్తయ్య. ఎయిర్ బెడ్ కూడా వేశాం, కిందటి ఏడాది కొన్నది.

ఫిజియో_తణుకు
అదుగో. నులక మధ్యలోకి కుంగుతుంది, ఎయిర్ బెడ్ దానితోపాటు కుంగుతుంది, ఒంటి బరువంతా నడుం కింద పడుతుంది. ఎయిర్ బెడ్‌కు కింద బల్లలా చదునుగా ఉండాలి. పట్టెమంచం లేకపోతే నులక మీద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద పరచండి. పైన రబ్బరు షీటు, బొంత, దుప్పటి అని నాలుగు పొరలు వేస్తే గాలి పరుపు వేసిన లాభం పోతుంది. ఒక్క పలచని నూలు దుప్పటి చాలు. చెయ్యి పరుపు కిందికి పోనిచ్చి చూడండి, ఆవిడ నడుం మీ అరచేతికి తగిలితే గాలి చాలనట్టు.

మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి మీ నడుం ఎత్తుకు తెండి. లేకపోతే రేపు మీరూ నా దగ్గరికే వస్తారు.

ఒక్కరే తిప్పాలంటే ఎత్తకండి. పాత పలచని నేత చీర మడిచి భుజాల నుంచి తొడల దాకా కింద పరచండి. మీవైపు తిప్పేటప్పుడు అటువైపు మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి మీవైపుకు లాక్కోండి. పైకి జరపాలంటే మాత్రం ఇంకో మనిషి ఉండాలి, చీర చెరో అంచు పట్టుకుని. పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి, భుజం జారిపోతుంది.

సీరియల్_అత్త
ఉప్పాడ చీర వాడొచ్చా? అడిగేది మా ఆడపడుచు పెట్టింది గురించి.

ఫిజియో_తణుకు
జరీ గుచ్చుకుంటుందండి. ఆవిడకే తిరిగి పెట్టేయండి.

సీరియల్_అత్త
రెండు గంటలకోసారి అన్నది గుర్తుండక మా ఇంట్లో సీరియళ్ళకు కట్టేశాం. ఒంటిగంట సీరియల్ అయ్యాక కుడికి, మూడింటిది అయ్యాక వెల్లకిలా, ఐదింటిది అయ్యాక ఎడమకు. మా మామగారు ఇప్పుడు బ్రేక్ రాగానే తనంతట తనే దిండు పట్టుకుంటారు. ఆదివారం సీరియళ్ళు లేవు, ఆ రోజే మర్చిపోతాం.

కాలవగట్టు
మాది వేరే బాధ. మా నాన్నకు ఒంట్లో అంతా బాగుంటుంది, బుర్రలోనే లేదు. డిమెన్షియా అన్నారు. సాయంత్రం ఐదయ్యేసరికి సంచీ పట్టుకుని ‘ఇంటికి పోదాం’ అంటారు, ఉన్నది ఆయన కట్టించిన ఇంట్లోనే. ‘ఇదే మనిల్లు నాన్నా’ అని ఏడాదిపాటు వాదించాను. ఒకరోజు గేటు తీసుకుని కాలవ రేవు దాకా వెళ్ళిపోయారు. దేవుడి దయ, కాలవలు కట్టేసి నీళ్ళు లేని నెల అది. ఇప్పుడు వాదించడం మానేశాను. ‘పదండి’ అని చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిపించి అదే ఇంటికి తెస్తాను. ‘అమ్మయ్య, వచ్చేశాం’ అని కూర్చుంటారు. బనియన్ల లోపల నా ఫోన్ నంబరు మార్కర్‌తో రాసేశాను.

దీనికి ఫోటోలో కనిపించే పుండు ఉండదు. మా అన్నయ్య వారానికోసారి ఫోన్ చేసి ‘నాతో బాగానే మాట్లాడాడు కదా, నువ్వే ఎక్కువ చేస్తున్నావు’ అంటాడు. ఐదు నిమిషాలు అందరితోనూ బాగానే మాట్లాడతారు.

గుమాస్తా_కొత్తపేట
చట్టం సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ప్రకారం పోషించాల్సిన పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు ఆ లెక్కలో లేదు. అంటే పుస్తకం ప్రకారం ఆ అత్తగారి బాధ్యత ఫోటో తీసినావిడదే గానీ గారెలు వేసినావిడది కాదు. అర్జీ ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్‌లో పెడతారు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించొచ్చు. ముసలావిడ స్వయంగా పెట్టుకోలేకపోతే ఆవిడ తరఫున వేరేవాళ్ళూ పెట్టొచ్చు.

లంక_మాస్టారు
గుమాస్తా గారూ, అర్జీ పెట్టాక మళ్ళీ సంక్రాంతికి గారెలు ఎవరికి వేస్తుంది?

గుమాస్తా_కొత్తపేట
అర్జీ పెట్టమనలేదు మాస్టారూ. ఆ మాట గ్రూపులో ఒకసారి రాయమంటున్నాను.

సీరియల్_అత్త
రాయండి రాయండి. ఏడుపు బొమ్మలు ఎన్ని పడతాయో నేను లెక్కపెడతా.

లంక_మాస్టారు
డబ్బు సంగతి. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకు 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెల పింఛను 15,000 చేశారు. మామూలు వృద్ధాప్య పింఛను 4,000. ఏది వస్తుందో చూసుకోండి. సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉండాలి. కొత్త అర్జీలు ఎప్పుడు తీసుకుంటారో సచివాలయంలో అడగండి. 15,000 వాళ్ళ ఇళ్ళకు డాక్టర్లు తనిఖీకి కూడా వచ్చారు కాబట్టి ఆసుపత్రి కాగితాలు, స్కానింగులు ఒకే సంచీలో ఉంచండి.

ఆ సంచీ అలవాటు నాకు వరద నేర్పింది. 2022 జులైలో మా గోదావరి లంకలోకి నీళ్ళొచ్చినప్పుడు మా నాన్నకు మూత్రం పైపు ఉంది. మూడో ప్రమాద హెచ్చరిక దాకా చూద్దాంలే అని కూర్చున్నాను. మూడోది అంటే ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు, అప్పటికి మా వీధిలో మోకాలి లోతు. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి రెండు పంచెలతో కట్టి నలుగురం నాటు పడవలోకి ఎక్కించాం. యూరిన్ బ్యాగు ఎవరూ పట్టించుకోలేదు, కుర్చీ చేతికి తగిలించేశాం. అది ఎప్పుడూ పొత్తికడుపుకు కిందే ఉండాలట, పైకి పెడితే మూత్రం వెనక్కి పోతుందట. వారం జ్వరం తీసింది. మంచంలో మనిషి ఉన్న ఇల్లు మొదటి హెచ్చరిక వినగానే, 11.75 అడుగుల దగ్గరే కదలాలి. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనీయండి.

ఫిజియో_తణుకు
వరద దాకా ఎందుకు, మామూలు రోజుల్లో కూడా కరెంటు పోతే ఎయిర్ బెడ్ మోటారు ఆగి గాలి దిగిపోతుంది. ఇన్వర్టరు ఉంటే టీవీకి కాకుండా ముందు దానికి లైను ఇవ్వండి. పెద్ద కరెంటేమీ తినదు.

సీరియల్_అత్త
టీవీ ఆగితే మా ఇంట్లో తిప్పడం ఎవరికి గుర్తొస్తుంది ఫిజియో గారూ?

ఎడారిలో_గోదారి
రాయాలా వద్దా అని మూడు రోజులు చూశాను. ఆ ఆడపడుచు నేనే అనుకోండి. నేను కాదు, కానీ అలాంటిదాన్నే.

మాది మలికిపురం దగ్గర. ఆరేళ్ళుగా కువైట్‌లో ఒక ముసలమ్మ గారిని చూసుకునే పని. ఆవిడను మామా అని పిలవాలి, అక్కడ అమ్మ అని. మా అమ్మతో ఫోన్ మాట్లాడుతూ ‘మామా లేచింది, వెళ్తున్నా’ అంటే, అమ్మ ‘ఏ మామే?’ అని కంగారు పడేది. రెండు గంటలకోసారి ఆవిడను తిప్పుతాను. మడమల కింద దిండు పెడతాను. ఇన్నేళ్ళలో ఆవిడ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. దానికి నాకు జీతం. ఆవిడ గదిలో ఏసీ, రిమోట్‌తో లేచే మంచం, నేను కాక ఇంకో అమ్మాయి ఉంది.

కిందటేడు వీడియో కాల్‌లో మా వదిన అమ్మను నడుం దాకానే చూపించింది. నాకు అనుమానం వచ్చి కాళ్ళు చూపించమన్నాను. మడమ నల్లగా ఉంది. నోటికొచ్చినట్టు తిట్టాను. ‘నెలనెలా పంపిస్తున్నాను కదా’ అన్నాను. వదిన ఏమీ అనలేదు. ఫోన్ మంచం మీద అలాగే పెట్టి వెళ్ళి పని చేసుకుంది. ఫోన్‌లో పైకప్పు కనిపిస్తోంది. ఫ్యాన్ తిరగడం లేదు. కరెంటు లేదు. అది చూస్తూ ఎంతసేపు ఉన్నానో నాకే తెలీదు.

కోపం వదిన మీద కాదండి. పరాయి వాళ్ళమ్మ మడమలు రోజూ నా చేతుల్లో ఉంటాయి కదా, దాని మీద.

రిటైర్డ్_సిస్టర్
తర్వాత వదినతో మాట్లాడారా?

ఎడారిలో_గోదారి
నెల పట్టింది. ‘నువ్వు చేస్తున్నావు, నేను చేయలేకపోతున్నాను, అందుకే అరిచాను’ అని వాయిస్ మెసేజ్ పెట్టాను. ‘సరేలే, ముందు ఆ లేచే మంచం ఎంతో చెప్పు’ అని జవాబిచ్చింది. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్నది పాతది దొరికింది, పంపించాను. ఇప్పుడు రోజూ మా టైం ఆరున్నరకు, అక్కడ తొమ్మిదింటికి వీడియో కాల్‌లో ఉంటాను, అమ్మకు కబుర్లు చెప్తాను. ఆ గంట మా వదిన ఫోన్ అక్కడ వదిలేసి అన్నం తిని డాబా మీదికి పోతుంది.

అమ్మకోడలు
ఇది చదివి టీ చల్లారిపోయింది.

కొబ్బరితోట_కోడలు
ఎడారిలో_గోదారి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద కూడా కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను.

ఒకటి అడగాలి, ఎవరూ ఏమీ అనుకోకండి. మొన్న రాత్రి మూడోసారి పక్క తడిసింది. మారుస్తూ ‘ఇంక వెళ్ళిపోతే బాగుండు’ అనుకున్నాను. ఆవిడ అనా నేను అనా, అదీ తెలీదు. తర్వాత భయమేసి ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇలా ఎవరికైనా అనిపిస్తుందా?

కాలవగట్టు
నాకు వారానికి రెండుసార్లు.

అమ్మకోడలు
నేను పైకే అనేశాను ఒకసారి. అమ్మ ‘నాకూ అదే ఉందిరా’ అంది. ఇద్దరం కాఫీ తాగాం.

రిటైర్డ్_సిస్టర్
అందరికీ అనిపిస్తుంది, పైకి చెప్పరు. నిద్ర లేని బుర్ర అలాగే ఆలోచిస్తుంది. కానీ ‘నేను వెళ్ళిపోతే’ అన్న వైపు మళ్ళీ మళ్ళీ పోతుంటే మాత్రం 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పెద్దవాళ్ళ విషయంలో ఏ సహాయం కావాలన్నా 14567 ఉంది.

ఇది కాక, మీకు రోజు విడిచి రోజైనా ఒక రాత్రి ఏకధాటి నిద్ర కావాలి. ప్లైవుడ్, ఎయిర్ బెడ్ సరిగ్గా కుదిరాక రాత్రి తిప్పే ఎడం ఇంకాస్త పెంచొచ్చేమో పుండు చూసే డాక్టర్ని అడగండి. మీవారు మూడింటికి మార్కెట్‌కు లేస్తారు కదా, వెళ్ళేముందు ఒకసారి ఆయన తిప్పాలి. తల్లే కదా.

కొబ్బరితోట_కోడలు
ఆయన్ను ఎప్పుడూ అడగలేదు.

సీరియల్_అత్త
అడగండి! నేను అడగకుండా పద్నాలుగేళ్ళు గడిపి, అడిగాక ‘ముందే చెప్పొచ్చు కదా’ అనిపించుకున్నాను. ఆ రోజు పప్పులో ఉప్పు వేయలేదు.

లంక_మాస్టారు
ఆడపడుచుకు కూడా ‘సాయం చేయండి’ అని రాయకండి. అలా రాస్తే ‘తప్పకుండా’ అని జవాబొస్తుంది, మనిషి రాదు. ‘వచ్చే నెల 8 నుంచి 11 దాకా అమ్మ దగ్గర ఉండాలి, నేను పుట్టింటికి వెళ్తున్నాను’ అని తేదీలు వేసి రాయండి. ఆ గ్రూపులోనే.

భీమవరం_బుల్లోడు
ఇంటి విషయాలు గ్రూపులో బాగోదు మాస్టారూ, విడిగా అడిగితే మర్యాదగా ఉంటుంది.

లంక_మాస్టారు
పుండు ఫోటో పెట్టినప్పుడు లేని మర్యాద తేదీలు పెడితే వచ్చిందా బుల్లోడు గారూ? ఆయ్.

మోడరేటర్
ఇద్దరు సభ్యులు పుండ్ల ఫోటోలు జోడించారు, తీసేశాను. మనుషుల ఒంటి ఫోటోలు ఇక్కడ పెట్టకండి. ఈ చర్చ మొదలైందే దాని వల్ల.

కొబ్బరితోట_కోడలు
నెల తర్వాత రాస్తున్నాను. ప్లైవుడ్ వేశాం. అత్తయ్య మూడు రోజులు అలిగారు, మంచం శవపేటికలా ఉందన్నారు. పుండు డాక్టరుకు చూపించాం, లోతుకు పోలేదన్నారు. డ్రెస్సింగులు మారుస్తుంటే అంచులు దగ్గరికి వస్తున్నాయి, ఇప్పుడు చింతగింజంత ఉంది. మా ఆయన మూడింటికి తిప్పుతున్నారు. మొదటి రోజు తప్పు వైపు తిప్పారు.

తేదీలు గ్రూపులోనే పెట్టాను. రోజంతా ఎవరూ మాట్లాడలేదు. రాత్రి పదింటికి మా ఆడపడుచు వదిన ‘వస్తాను’ అని రాసింది, ఇంకేం రాయలేదు. నేను పాలకొల్లు పుట్టింటికి వెళ్ళాను. మొదటి రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఎనిమిదింటికి లేచాను. మా అమ్మ నేను బతికే ఉన్నానా అని రెండుసార్లు వచ్చి చూసిందట. రెండో రాత్రి రెండింటికి వదిన ఫోన్. గొంతు వణుకుతోంది. ‘అమ్మ ఏదో అడుగుతోంది, నాకు అర్థం కావట్లేదు, నువ్వు విని చెప్పు’ అంది. ఫోన్ అత్తయ్య నోటి దగ్గర పెట్టింది. విన్నాను. ‘దానికి దుప్పటి ఇవ్వమను, కింద చలిగా ఉంటుంది’ అంటున్నారు, వదిన గురించి. అదే చెప్పాను. అటువైపు చాలాసేపు ఏమీ వినపడలేదు.

ఫోటో ఇంకా గ్రూపులోనే ఉంది. తీసేయమని నేను అడగలేదు, తను తీయలేదు. మళ్ళీ ఏప్రిల్‌లో 4 నుంచి 8 దాకా వస్తానని తనే రాసింది.

ఎడారిలో_గోదారి
ఐదు రోజులు. ఒకటి పెరిగింది.

సీరియల్_అత్త
ఆ నులక మంచం ఖాళీగానే ఉందా? మా మనవడికి ఊయల కట్టాలి, నులక కావాలి. గారెలు తెస్తాను.